నాసికా పాలిప్‌లు - కణ సంకేత మార్గాలు

నాసికా పాలిప్‌లు అనేవి ముక్కు లోపల, ముక్కు చుట్టూ ఉన్న గాలి గదుల (సైనస్‌ల) లోపల ఉండే శ్లేష్మ పొర దీర్ఘకాలం వాచి, ద్రవంతో ఉబ్బి, సంచుల వలె వేలాడే మెత్తని భాగాలు. చూడటానికి ఇవి తొక్క తీసిన ద్రాక్షపండ్ల వలె, లేత బూడిద రంగులో, కొంత పారదర్శకంగా ఉంటాయి. తెలుగునాట వాడుకలో దీనినే "ముక్కులో కండ పెరగడం" అంటారు. ఈ పేరు వలన ఇది ఒక కణితి అనీ, కోసివేస్తే తీరిపోతుందనీ చాలామంది అనుకుంటారు. నిజానికి పాలిప్‌లు క్యాన్సర్ కణితులు కావు. శ్లేష్మ పొరలోని కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు ఆగవలసిన సమయంలో ఆగకపోవడం వలన ఏర్పడే శోథ యొక్క ఫలితమే ఈ "కండ". శస్త్రచికిత్సతో తీసివేసిన తరువాత కూడా ఇవి చాలామందిలో తిరిగి పెరగడానికి కారణం ఈ సంకేతాలలోనే ఉంది. ఆ సంకేత మార్గాలను, వాటి ఆధారంగా వచ్చిన చికిత్సలను ఈ వ్యాసం వివరిస్తుంది.

వ్యాధి పరిచయం

శరీరంలో ఒక చోట గాయమో, సూక్ష్మజీవుల దాడో జరిగినప్పుడు అక్కడ కలిగే వాపు, ఎరుపు, వేడి, నొప్పి మొదలైన ప్రతిస్పందనను శోథ అంటారు. సైనస్‌లలో కలిగే శోథ సైనసైటిస్. సామాన్యమైన జలుబుతో వచ్చే సైనసైటిస్ కొద్ది రోజులలో, ఒక్కొక్కప్పుడు కొద్ది వారాలలో తగ్గిపోతుంది. లక్షణాలు 12 వారాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం కొనసాగితే దానిని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. ముక్కు లోపలి పొర కూడా ఇందులో పాల్గొంటుంది కనుక వైద్యులు దీనిని "రైనోసైనసైటిస్" అని వ్యవహరిస్తారు.

ముఖ్య లక్షణాలు నాలుగు: ముక్కు దిబ్బడ, ముక్కు నుండి గాని గొంతులోనికి గాని చీమిడి కారడం, ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తెలియకపోవడం. పాలిప్‌లు ఉన్నవారిలో నొప్పి కంటే ముక్కు దిబ్బడ, వాసన కోల్పోవడం ప్రధానంగా కనిపిస్తాయి. వాసన పోవడం చిన్న లోపంగా కనబడవచ్చును గాని, దానితో పాటు ఆహారంలోని రుచి చాలావరకు పోతుంది. వంటగ్యాసు కారినా, అన్నం మాడినా, పాలు విరిగినా తెలియదు.

2011లో ప్రచురితమైన ఒక ఐరోపా సర్వేలో, లక్షణాలను బట్టి లెక్కించినప్పుడు, 10.9 శాతం ప్రజలకు దీర్ఘకాలిక రైనోసైనసైటిస్ ఉన్నట్లు తేలింది. వీరిలో కొద్దిమందికి మాత్రమే పాలిప్‌లు ఉంటాయి. పాలిప్‌లు సాధారణంగా నడివయసులో కనిపిస్తాయి. వీరిలో చాలామందికి ఉబ్బసం కూడా ఉంటుంది.

పేరు, చరిత్ర

"పాలిప్" అనే మాట గ్రీకు భాష నుండి వచ్చింది. దాని అర్థం "అనేక పాదాలు కలది". ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలలో, దారాలు కట్టిన స్పాంజిని ముక్కు గుండా గొంతు వైపుకు లాగి పాలిప్‌లను తొలగించే పద్ధతి కనబడుతుంది. భారతీయ వైద్యంలో సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ముక్కు వ్యాధులను చెబుతూ "నాసార్శస్సు" అనే పేరుతో ముక్కులోని మాంసాంకురాలను పేర్కొన్నది. అప్పటి నుండి ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు ఈ వ్యాధికి ప్రధాన చికిత్స ఒక్కటే: పెరిగినదానిని తీసివేయడం.

1980లలో ఎండోస్కోపు సహాయంతో సైనస్ ద్వారాలను తెరిచే శస్త్రచికిత్స వ్యాప్తిలోకి వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరానికి చెందిన వాల్టర్ మెసర్‌క్లింగర్ పరిశోధనలు దీనికి పునాది వేశాయి. ఈ పద్ధతి వలన శస్త్రచికిత్స సురక్షితమైంది, సూక్ష్మమైంది. అయినా వ్యాధి తిరగబెట్టడం ఆగలేదు. బెల్జియంలో శస్త్రచికిత్స అయిన రోగులను 12 సంవత్సరాల పాటు గమనించిన ఒక అధ్యయనంలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి పాలిప్‌లు మళ్ళీ కనిపించాయి. మూడవ వంతు మందికి పైగా మరొకసారి శస్త్రచికిత్స అవసరమైంది. కత్తికి అందనిది ఏదో మిగిలిపోతున్నదని దీనిని బట్టి తెలుస్తుంది.

శ్లేష్మ పొర నిర్మాణం

మనిషి ముఖంలో నాలుగు జతల సైనస్‌లు ఉన్నాయి: చెంపలలో, నుదుటిలో, కళ్ళ మధ్య, వాటికి వెనుక పుర్రె లోతులో. వీటన్నిటి లోపలి గోడను ఒక పలుచని శ్లేష్మ పొర కప్పి ఉంటుంది. ఆ పొర పైభాగంలో ఉపకళా కణాలు ఉంటాయి. వీటిలో ముఖ్యమైనవి మూడు రకాలు.

* శైలికా కణాలు: వీటి తలపై సన్నని వెంట్రుకల వంటి శైలికలు ఉంటాయి. ఇవి లయబద్ధంగా కదులుతూ శ్లేష్మాన్ని, దానిలో చిక్కుకున్న దుమ్మును, సూక్ష్మజీవులను గొంతు వైపుకు తోసివేస్తాయి.
* గోబ్లెట్ కణాలు: ఇవి శ్లేష్మాన్ని తయారు చేస్తాయి.
* ఆధార కణాలు: ఇవి అడుగున ఉంటాయి. పై కణాలు చనిపోయినప్పుడు వాటి స్థానంలో కొత్త కణాలను పుట్టించేవి ఇవే.

పక్కపక్కన ఉన్న కణాలను కొన్ని ప్రోటీన్లు గట్టిగా కుట్టినట్లు పట్టి ఉంచుతాయి. ఈ కుట్లు బిగువుగా ఉన్నంతకాలం బయటి పదార్థాలు లోపలికి చొరబడలేవు. పాలిప్ రోగులలో ఈ కుట్లు వదులై ఉంటాయి.

కణ సంకేతం అంటే ఏమిటి?

కణాలకు కళ్ళు, చెవులు లేవు. ఒక కణం మరొక కణానికి ఏదైనా తెలియజేయాలంటే ఒక రసాయన అణువును విడుదల చేస్తుంది. రోగనిరోధక కణాల మధ్య ఇలా వార్తలు మోసే చిన్న ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఇంటర్‌ల్యూకిన్లు వీటిలో ఒక పెద్ద వర్గం. కనుగొన్న వరుసను అనుసరించి వీటికి అంకెలు ఇచ్చారు.

వార్తను అందుకొనే కణం ఉపరితలంపై గ్రాహకాలు ఉంటాయి. తాళంలో తాళంచెవి ఇమిడినట్లు సైటోకైన్ తన గ్రాహకంలో ఇముడుతుంది. అయితే సైటోకైన్ కణం లోపలికి పోదు. తలుపు బయట తట్టిన శబ్దం లోపలి గదిలో ఉన్న యజమానికి చేరాలంటే ఎవరో ఒకరు మోసుకుపోవాలి. గ్రాహకం నుండి కణ కేంద్రకంలోని జన్యువుల వరకు వార్తను చేర్చే ప్రోటీన్ల వరుసనే "సంకేత మార్గం" అంటారు.

ఈ వ్యాధిలో ప్రధానమైన మార్గం జాక్-స్టాట్ మార్గం. జాక్ అనేది గ్రాహకపు లోపలి కొనకు అంటి ఉండే ఎంజైమ్. రెండు ముఖాలు గల రోమన్ దేవత జానస్ పేరు మీదుగా దీనికి ఆ పేరు పెట్టారు. సైటోకైన్ వచ్చి గ్రాహకపు రెండు భాగాలను దగ్గరకు చేర్చగానే జాక్ ఎంజైములు ఒకదానిపై ఒకటి, ఆ తరువాత గ్రాహకంపై, ఫాస్ఫేట్ ముద్రలు వేస్తాయి. ఆ ముద్రలను గుర్తుపట్టి స్టాట్ అనే ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటాయి. వాటిపై కూడా ముద్ర పడుతుంది. ముద్ర పడిన రెండు స్టాట్ అణువులు జతకట్టి కేంద్రకంలోనికి వెళ్ళి, నిర్దిష్టమైన జన్యువులను మేల్కొలుపుతాయి. ఈ మొత్తం పనికి కొద్ది నిమిషాలే పడుతుంది.

ఆరోగ్యవంతుని కణంలో ఈ మార్గానికి పగ్గాలు కూడా ఉన్నాయి. మేల్కొన్న జన్యువులలో కొన్ని, జాక్ ఎంజైమును అణచివేసే ప్రోటీన్లను తయారు చేస్తాయి. అంటే వార్తతో పాటే దానిని ఆపే ఏర్పాటు కూడా మొదలవుతుంది. దీర్ఘకాలిక శోథలో తలుపు తట్టడం ఆగదు కనుక ఈ పగ్గాలు చాలవు.

మొదటి మెట్టు: హెచ్చరిక అణువులు

శ్లేష్మ పొర కేవలం గోడ మాత్రమే కాదు, కావలివాడు కూడా. వైరస్, బాక్టీరియా, శిలీంధ్రం, పొగ, పుప్పొడిలోని ఎంజైములు మొదలైనవి ఉపకళా కణాలను గాయపరిచినప్పుడు అవి మూడు హెచ్చరిక అణువులను విడుదల చేస్తాయి: టి.ఎస్.ఎల్.పి., ఇంటర్‌ల్యూకిన్-33, ఇంటర్‌ల్యూకిన్-25. వీటిలో ఇంటర్‌ల్యూకిన్-33 మామూలుగా కణ కేంద్రకంలో దాగి ఉంటుంది. కణం దెబ్బతిని పగిలినప్పుడు బయటపడుతుంది. కనుక దాని ఉనికే ప్రమాద సూచిక.

ఈ మూడు అణువులు మూడు దారులలో పనిచేస్తాయి. టి.ఎస్.ఎల్.పి. తన గ్రాహకం ద్వారా జాక్-1, జాక్-2 లను, వాటి ద్వారా స్టాట్-5ను ఉత్తేజపరుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-33 మైడి-88 అనే అనుసంధాన ప్రోటీన్ ద్వారా ఎన్ఎఫ్-కప్పా-బి అనే జన్యు నియంత్రకాన్ని విడిపిస్తుంది. ఎన్ఎఫ్-కప్పా-బి మామూలుగా కణద్రవ్యంలో ఒక నిరోధక ప్రోటీన్‌తో కట్టివేయబడి ఉంటుంది. సంకేతం అందగానే ఆ కట్టు తెగి కేంద్రకంలోనికి చేరుతుంది. ఇంటర్‌ల్యూకిన్-25 వేరొక గ్రాహకాన్ని తాకినా, దాని సంకేతం కూడా చివరకు ఎన్ఎఫ్-కప్పా-బిని చేరుతుంది.

ఈ వార్తలను అందుకొనే వాటిలో ముఖ్యమైనవి "రెండవ వర్గపు సహజ లింఫాయిడ్ కణాలు". 2010లో ఎలుకలలో వీటిని స్పష్టంగా గుర్తించారు. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు మనుషులలోనూ ఇవి ఉన్నాయని, నాసికా పాలిప్‌లలో ఎక్కువగా పోగుపడి ఉన్నాయని చూపారు. లింఫోసైట్ల వలె ఇవి ఫలానా ప్రతిజనకాన్ని గుర్తించవలసిన అవసరం లేదు. హెచ్చరిక అందితే చాలు, వెంటనే ఇంటర్‌ల్యూకిన్-5, ఇంటర్‌ల్యూకిన్-13 లను పెద్దమొత్తంలో విడుదల చేస్తాయి.

రెండవ మెట్టు: రెండవ రకం స్పందన

ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 ప్రధానంగా ఉండే రోగనిరోధక ప్రతిస్పందనను "రెండవ రకం స్పందన" అంటారు. పేగులలో చేరే నులిపురుగుల వంటి పరాన్నజీవులను ఎదుర్కొనడానికి ఇది పనికివస్తుంది. శ్లేష్మాన్ని ఎక్కువ చేయడం, పొరను ఉబ్బించడం, ఇసినోఫిల్ కణాలను రప్పించడం పురుగును కడిగివేయడానికి మంచి ఉపాయాలే. పురుగు లేని ముక్కులో అవే పనులు నెలల తరబడి, సంవత్సరాల తరబడి సాగితే అది వ్యాధి అవుతుంది.

ఇంటర్‌ల్యూకిన్-4, 13: ఈ రెండింటికీ ఒక ఉమ్మడి గ్రాహక భాగం ఉంది. దానిని ఇంటర్‌ల్యూకిన్-4 గ్రాహకపు ఆల్ఫా గొలుసు అంటారు. ఏ అణువు వచ్చి తట్టినా సంకేతం ప్రధానంగా స్టాట్-6 ద్వారానే పోతుంది. స్టాట్-6 ఏ కణంలో మేల్కొంటే అక్కడ ఒక్కొక్క విధమైన ఫలితం కలుగుతుంది.

* ఉపకళలో గోబ్లెట్ కణాల సంఖ్య పెరుగుతుంది; చిక్కని శ్లేష్మం తయారవుతుంది.
* ఉపకళా కణాల నుండి ఇయోటాక్సిన్-3 అనే ఆకర్షక అణువు వెలువడి ఇసినోఫిల్‌లను పిలుస్తుంది.
* రక్తనాళాల లోపలి గోడపై అంటుకునే ప్రోటీన్లు మొలుస్తాయి. రక్తంలో ప్రవహిస్తున్న ఇసినోఫిల్‌లు అక్కడ పట్టు దొరికించుకొని కణజాలంలోనికి దిగుతాయి.
* బి-లింఫోసైట్లు ఇమ్యునోగ్లోబులిన్-ఇ (ఐజిఇ) అనే ప్రతిరక్షకాన్ని తయారు చేయడం మొదలుపెడతాయి.
* ఉపకళా కణాల మధ్య ఉన్న కుట్లు మరింత వదులవుతాయి.

చివరి అంశం గమనింపదగినది. గోడ గాయపడినందువలన హెచ్చరిక వెలువడింది; హెచ్చరిక వలన పుట్టిన సైటోకైన్లు గోడను ఇంకా బలహీనం చేశాయి; బలహీనపడిన గోడ మళ్ళీ గాయపడి మళ్ళీ హెచ్చరిస్తుంది. మొదట గాయం చేసిన వైరస్ ఎప్పుడో వెళ్ళిపోయినా ఈ విషవలయం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది.

ఇంటర్‌ల్యూకిన్-5: ఇది ఇసినోఫిల్‌లకు ప్రాణాధారమైన అణువు. ఎముక మజ్జలో ఇసినోఫిల్‌లు పరిపక్వం కావడానికి, కణజాలంలో ఎక్కువకాలం బ్రతకడానికి ఇది తోడ్పడుతుంది. దీని సంకేతం ప్రధానంగా జాక్-2, స్టాట్-5 ద్వారా సాగుతుంది. ఇసినోఫిల్‌లకు 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఆ పేరు పెట్టాడు. ఇయోసిన్ అనే ఎర్రని రంజకాన్ని ఇవి బాగా పీల్చుకోవడమే అందుకు కారణం. వీటి రేణువులలోని ప్రోటీన్లు పురుగులకే కాక శ్లేష్మ పొరకు కూడా విషం వంటివి. ఇసినోఫిల్‌లు చనిపోయినప్పుడు వాటిలోని గెలెక్టిన్-10 అనే ప్రోటీన్ సూదుల వంటి స్ఫటికాలుగా మారుతుంది. 1853లో షార్కో, 1872లో లైడెన్ వర్ణించిన ఈ స్ఫటికాలు వ్యాధికి సాక్ష్యం మాత్రమేనని చాలాకాలం భావించారు. ఆ స్ఫటికాలే స్వయంగా శోథను పెంచగలవని 2019లో తేలింది.

ఐజిఇ: ఈ ప్రతిరక్షకం మాస్ట్ కణాల ఉపరితలంపై కూర్చుని ఉంటుంది. ప్రతిజనకం వచ్చి రెండు ఐజిఇ అణువులను కలిపినప్పుడు సిక్ అనే కైనేజ్ మేల్కొని, కణంలో కాల్షియం పెరిగి, హిస్టమిన్ మొదలైన పదార్థాలు క్షణాలలో వెలువడతాయి. పాలిప్ రోగులలో ఐజిఇ ముక్కులోనే స్థానికంగా తయారు కాగలదు. కాబట్టి చర్మంపై చేసే అలర్జీ పరీక్షలో ఏమీ కనబడకపోయినా పాలిప్‌లో ఐజిఇ మెండుగా ఉండవచ్చును.

మూడవ మెట్టు: పాలిప్ రూపొందడం

శోథ ఉన్న ప్రతి చోటా సంచులు వేలాడవు. మరి ఇక్కడ ఎందుకు వేలాడుతున్నాయి? దీనికి ఒక ముఖ్యమైన సమాధానం 2013లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నుండి వచ్చింది.

శోథ వలన రక్తనాళాల నుండి ప్లాస్మా కణజాలంలోనికి ఊరుతుంది. అందులోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఫైబ్రిన్ దారాలుగా మారి వల అల్లుతుంది. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి ఉపయోగపడే వల ఇదే. పని పూర్తయిన తరువాత ఈ వలను కరిగించడానికి శరీరం ప్లాస్మిన్ అనే ఎంజైమును వాడుతుంది. ప్లాస్మిన్‌ను మేల్కొలిపే ప్రోటీన్ పాలిప్ కణజాలంలో చాలా తక్కువగా ఉంటుందని, దానిని తగ్గించేది రెండవ రకం సైటోకైన్లేనని ఆ పరిశోధనలో తెలిసింది. మరొక వైపు, అవే సైటోకైన్ల ప్రభావంలో ఉన్న మాక్రోఫేజ్ కణాలు ఫైబ్రిన్ దారాలను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచే పదమూడవ కారకాన్ని అధికంగా తయారు చేస్తాయి.

అంటే వల అల్లడం పెరిగింది, విప్పడం తగ్గింది. ఆ వలలో నీరు నిలిచిపోయి పొర ఉబ్బుతుంది. ఉబ్బిన పొర బరువుకు కిందికి జారి సంచిగా వేలాడుతుంది. "కండ" అని పిలిచే ఈ భాగంలో నిజానికి కండరం ఏమీ లేదు. అధిక భాగం ద్రవం, ఫైబ్రిన్, శోథ కణాలు.

పాలిప్‌లు లేని దీర్ఘకాలిక సైనసైటిస్‌లో టి.జి.ఎఫ్.-బీటా అనే మరొక సంకేతం, స్మాడ్ ప్రోటీన్ల ద్వారా, కొల్లాజెన్ పీచును పెంచి పొరను గట్టిపరుస్తుంది. పాలిప్‌లలో ఈ సంకేతం సాధారణంగా తక్కువ. అందువలన ఒకచోట మచ్చకట్టిన గట్టి పొర, మరొకచోట నీరుపట్టిన మెత్తని సంచి ఏర్పడతాయి.

తిరిగి పెరగడానికి కారణం: కణాల జ్ఞాపకం

2018లో నేచర్ పత్రికలో ప్రచురితమైన ఒక పరిశోధనలో అమెరికాలోని బోస్టన్ ప్రాంత శాస్త్రవేత్తలు పాలిప్‌లలోని కణాలను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతి కణంలో ఏయే జన్యువులు మేల్కొని ఉన్నాయో చదివారు. పాలిప్‌లలో ఆధార కణాలు ఎక్కువగా పోగుపడి ఉన్నాయి. అవి పరిపక్వమైన శైలికా కణాలుగా, స్రావక కణాలుగా మారడం కుంటుపడింది. ఆ ఆధార కణాలను శరీరం వెలుపల పెంచిన తరువాత కూడా, ఇంటర్‌ల్యూకిన్-4, 13 ల ప్రభావానికి సంబంధించిన కొన్ని మార్పులు వాటిలో నిలిచి ఉన్నాయి. కణాభివృద్ధిని నియంత్రించే విన్ట్ అనే సంకేత మార్గం కూడా వీటిలో ఉత్తేజితమై ఉంది.

సామాన్యంగా "జ్ఞాపకం" అనేది లింఫోసైట్ల లక్షణంగా చెబుతారు. గోడ కట్టే కణాలు కూడా పాత శోథను గుర్తుంచుకోగలవని ఈ పరిశోధన సూచించింది. శస్త్రచికిత్సలో సంచి పోతుంది, కాని దాని మొదట్లోనూ పరిసరాలలోనూ ఉన్న ఆధార కణాలు మిగులుతాయి. అవి పుట్టించే కొత్త పొర పాత గుణాన్నే తెచ్చుకొనే అవకాశం ఉంది.

మంటకు ఆజ్యం పోసేవి

స్టాఫిలోకాకస్ ఆరియస్: ఈ బాక్టీరియా పాలిప్ రోగుల ముక్కులో తరచుగా నివసిస్తుంది. ఇది విడుదల చేసే కొన్ని విషపదార్థాలు "సూపర్ యాంటిజన్లు"గా పనిచేస్తాయి. మామూలు ప్రతిజనకం కొద్దిపాటి లింఫోసైట్లను మాత్రమే మేల్కొలిపితే, ఇవి ఒక్కసారిగా అనేక రకాల లింఫోసైట్లను మేల్కొలుపుతాయి. ఈ విషాలకు వ్యతిరేకంగా ఐజిఇ ఉన్న రోగులలో ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తుంది.

శిలీంధ్రాలు: వేడి, తేమ గల ప్రాంతాలలో అలర్జీ సంబంధిత శిలీంధ్ర సైనసైటిస్ ఎక్కువగా కనబడుతుంది. భారతదేశంలో దీనికి ప్రధాన కారణం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. ఇందులో సైనస్‌లు జిగురు వంటి చిక్కని శ్లేష్మంతో నిండి, పాలిప్‌లు ఏర్పడతాయి.

ఆస్పిరిన్: కొందరిలో పాలిప్‌లు, ఉబ్బసం, ఆస్పిరిన్ పడకపోవడం ఈ మూడూ కలిసి ఉంటాయి. 1922లో ఫ్రాన్సుకు చెందిన విడాల్ ఈ సంబంధాన్ని వర్ణించాడు. 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, బియర్స్ దీనిని ప్రసిద్ధం చేయడంతో "సామ్టర్ త్రయం" అనే పేరు వచ్చింది. కణపొరలోని అరాకిడోనిక్ ఆమ్లం నుండి రెండు దారులలో రెండు రకాల అణువులు తయారవుతాయి: కాక్స్ ఎంజైము దారిలో ప్రోస్టాగ్లాండిన్లు, వేరొక దారిలో ల్యూకోట్రైన్లు. వీటిలో ప్రోస్టాగ్లాండిన్-ఇ2 ల్యూకోట్రైన్ల ఉత్పత్తికి పగ్గం వేస్తుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు కాక్స్-1ను అడ్డుకుంటాయి. పగ్గం తెగి ల్యూకోట్రైన్లు ఒక్కసారిగా పెరిగి, ముక్కు మూసుకుపోవడం, ఆయాసం కలుగుతాయి. ఇది ప్రాణాపాయకరం కావచ్చును.

పాలిప్‌లన్నీ ఒకటి కావు

పై వివరణ రెండవ రకం స్పందనకు చెందినది. పాశ్చాత్య దేశాలలో పాలిప్ రోగులలో అత్యధికులు ఈ వర్గానికే చెందుతారు. తూర్పు ఆసియా దేశాలలో వీరి వాటా అంతకంటే తక్కువ. అక్కడ కొందరిలో ఇసినోఫిల్‌లకు బదులు న్యూట్రోఫిల్ కణాలు, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ఫెరాన్-గామా ప్రధానంగా కనిపిస్తాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధిలో వచ్చే పాలిప్‌లు కూడా న్యూట్రోఫిల్ ప్రధానమైనవే.

కంటికి ఒకే విధంగా కనిపించే రెండు పాలిప్‌ల వెనుక రెండు వేర్వేరు సంకేత మార్గాలు ఉండవచ్చును. ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం. రక్తంలో ఇసినోఫిల్‌ల సంఖ్య, మొత్తం ఐజిఇ, తీసిన కణజాలంలోని ఇసినోఫిల్‌ల లెక్క, వీటి ద్వారా వైద్యులు రోగి ఏ వర్గానికి చెందుతాడో అంచనా వేస్తారు.

చికిత్సలు - అవి తాకే సంకేతాలు

స్టెరాయిడ్లు: ముక్కులో కొట్టుకొనే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడగడం నేటికీ మొదటి చికిత్స. స్టెరాయిడ్ అణువు కణం లోపలికే వెళ్ళి, అక్కడి గ్రాహకంతో కలిసి కేంద్రకంలో చేరి, ఎన్ఎఫ్-కప్పా-బి వంటి నియంత్రకాలను అణచి, శోథ జన్యువులను ఒకేసారి అనేకం నిద్రపుచ్చుతుంది. ఇసినోఫిల్‌ల ఆయువును కూడా తగ్గిస్తుంది. మాత్రల రూపంలో తీసుకుంటే పాలిప్‌లు త్వరగా కుంచించుకుపోతాయి గాని, మందు ఆపిన కొన్నాళ్ళకు తిరిగి పెరుగుతాయి. పదేపదే వాడితే మధుమేహం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు వంటి హాని కలుగుతుంది.

శస్త్రచికిత్స: ఇది దారులను తెరచి గాలి ఆడేటట్లు చేస్తుంది, స్ప్రే, ఉప్పునీరు సైనస్‌ల లోపలికి చేరే వీలు కలిగిస్తుంది. అందువలన శస్త్రచికిత్స తరువాత కూడా మందులు కొనసాగించాలి.

ఏకరూప ప్రతిరక్షకాలు: ఒకే ఒక అణువును గుర్తించి పట్టుకొనేటట్లు ప్రయోగశాలలో తయారు చేసిన ప్రతిరక్షకాలు ఇవి. తీవ్రమైన వ్యాధికి అమెరికాలో అనుమతి పొందిన సంవత్సరాలతో ముఖ్యమైనవి:

* డుపిలుమాబ్ (2019): ఇంటర్‌ల్యూకిన్-4 గ్రాహకపు ఆల్ఫా గొలుసును మూసివేస్తుంది. దానితో ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండింటి సంకేతాలూ ఆగుతాయి.
* ఒమాలిజుమాబ్ (2020): ఐజిఇని పట్టుకుంటుంది.
* మెపోలిజుమాబ్ (2021): ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టుకుంటుంది.
* టెజెపెలుమాబ్ (2025): అన్నిటికంటే పైమెట్టున ఉన్న టి.ఎస్.ఎల్.పి.ని పట్టుకుంటుంది.

డుపిలుమాబ్‌ను 276 మంది, 448 మంది రోగులతో జరిపిన రెండు పరీక్షలలో పాలిప్‌లు తగ్గడమే కాక వాసన శక్తి కూడా మెరుగుపడింది. అయితే 24 వారాలకు మందు ఆపిన పరీక్షలో, ఆ తరువాత పాలిప్‌లు మళ్ళీ పెరగసాగాయి. టెజెపెలుమాబ్‌పై 408 మందితో 52 వారాలు జరిగిన పరీక్షలో, శస్త్రచికిత్స అవసరమని నిర్ణయించవలసి వచ్చినవారు ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో 22.1 శాతం కాగా, అసలు మందు తీసుకున్న వారిలో 0.5 శాతం మాత్రమే.

ఇసినోఫిల్‌లు నేర్పిన పాఠం

పాలిప్‌ల నిండా ఇసినోఫిల్‌లు ఉంటాయి కనుక వాటిని తొలగిస్తే వ్యాధి పోతుందని భావించడం సహజం. 2019లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం ఈ ఊహను పరీక్షించింది. డెక్స్‌ప్రమిపెక్సోల్ అనే మాత్ర వలన రోగులలో పాలిప్ కణజాలంలోని ఇసినోఫిల్‌లు సుమారు 97 శాతం తగ్గాయి. కాని పాలిప్‌ల పరిమాణం చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

దీనికి భిన్నంగా, డుపిలుమాబ్ వాడినప్పుడు రక్తంలోని ఇసినోఫిల్‌ల సంఖ్య కొందరిలో తాత్కాలికంగా పెరుగుతుంది. అయినా పాలిప్‌లు కుంచించుకుపోతాయి. ఇసినోఫిల్‌లు అమాయకమైనవని దీని అర్థం కాదు. ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకొనే మందు కూడా చాలామందికి ఉపకరిస్తుంది. కాని పొరను ఉబ్బించి, గోడను వదులు చేసి, ఫైబ్రిన్ వలను నిలిపి ఉంచే ఆజ్ఞలు ప్రధానంగా ఇంటర్‌ల్యూకిన్-4, 13 ల నుండే వస్తున్నాయని ఈ రెండు ఫలితాలు కలిపి చూస్తే బోధపడుతుంది. సూక్ష్మదర్శినిలో ఎక్కువగా కనబడే కణమే వ్యాధికి మూలం కానక్కరలేదు.

పరిమితులు

ఏకరూప ప్రతిరక్షకాలు ఖరీదైన సూది మందులు. కొద్ది వారాలకొకసారి చొప్పున దీర్ఘకాలం తీసుకోవలసి ఉంటుంది. ఇవి సంకేతాన్ని అడ్డుకుంటాయి గాని, సంకేతాన్ని పుట్టించే మూలకారణాన్ని తుడిచివేయవు. అందుకే మందు ఆపితే వ్యాధి తిరిగి రావచ్చును. న్యూట్రోఫిల్ ప్రధానమైన పాలిప్‌లకు వీటి వంటి లక్ష్య చికిత్స ఇంకా స్థిరపడలేదు. ఆధార కణాల జ్ఞాపకాన్ని శాశ్వతంగా చెరిపివేయడం ఎలాగన్నది పరిశోధనాంశంగానే ఉంది.

రోగులు గమనించవలసిన విషయాలు

* పాలిప్ ఒకే వైపు ఉన్నా, రక్తం కారుతున్నా అది వేరే రకమైన కణితి కావచ్చును. వైద్యుడు ఎండోస్కోపీతో చూసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షించవలసి ఉంటుంది.
* చిన్నపిల్లలలో పాలిప్‌లు అరుదు. కనిపిస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నదేమో పరీక్షించాలి.
* పాలిప్‌లు, ఉబ్బసం రెండూ ఉన్నవారు నొప్పి మాత్రలు వేసుకునే ముందు తమకు ఆస్పిరిన్ వర్గపు మందులు పడతాయో లేదో వైద్యునితో చర్చించాలి.
* దుకాణాలలో దొరికే ముక్కు దిబ్బడ చుక్కల మందును రోజుల తరబడి వాడితే దిబ్బడ తిరిగి ఎక్కువవుతుంది. ఇది స్టెరాయిడ్ స్ప్రే వంటిది కాదు.
* స్టెరాయిడ్ స్ప్రే వాడిన వెంటనే ఫలితం కనబడదు. శోథ జన్యువులు నిద్రపోవడానికి రోజులు, వారాలు పడుతుంది. హాయిగా ఉన్నదని మధ్యలో మానివేస్తే ఆగిన సంకేతాలు తిరిగి మొదలవుతాయి.